ఛాయ తినేసిన గోరుముద్దలు

మా ఆయన చెవిలో నేను రాసిన కోడు ఉంది. పెళ్ళాం పిలుపు వినపడలేదని బుకాయించడం ఈ విశాఖపట్నంలో ఏ మొగుడికైనా చెల్లుతుందేమో గానీ, మా శశిభూషణ్ గారికి చెల్లదు. వినపడకపోతే తప్పు ఆయనది కాదు, నాది. అప్పుడు నన్ను నేనే తిట్టుకోవాలి. అంత పని నేనెప్పుడూ పెట్టుకోలేదు.

చిన్నప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి ఆయనకి వినికిడి చాలావరకు పోయింది. పెళ్ళయిన కొత్తలో ఆయన పెట్టుకునే చెవి మిషను ఓ కంపెనీది. నెలనెలా చందా కడితేనే పని చేసేది. ఒక సాయంత్రం పెదవాల్తేరులో మా అద్దింటి డాబా మీద కూర్చుని, బోలెడు సిగ్గుపడి, ఆయనంటే నాకెంత ఇష్టమో మొదటిసారి నోరు తెరిచి చెప్పాను. ఆయన నా మొహంలోకి అయోమయంగా చూసి, "చందా అయిపోయినట్టుందే బిందూ, మళ్ళీ చెప్పు" అన్నారు. మళ్ళీ ఎవరు చెబుతారండీ? నాకు ఒళ్ళు మండిపోయింది. మొగుడూ పెళ్ళాల మధ్య ఈ కంపెనీవాడెవడు అనిపించింది. ఆ మంటతోనే వెళ్ళి చలివేంద్రంలో చేరాను.

నా పేరు హిమబిందు. పేరులో తప్ప మనిషిలో ఎక్కడా చల్లదనం లేదని మా ఆయన అంటారు.

చలివేంద్రం అంటే ఏమిటో చెప్పాలి. కంప్యూటరన్నాక, అది బల్ల మీదున్నా, చేతిలో ఉన్నా, చెవిలో ఉన్నా, లోపల ఒక ఆపరేటింగ్ సిస్టం ఉండాలి. మిషన్లోని భాగాలన్నిటికీ ఎవరి పని వాళ్ళకి పురమాయించే పెద్దదిక్కు అది. కంపెనీవాళ్ళది డబ్బు పుచ్చుకుని పని చేస్తుంది. మాది ఊరికే చేస్తుంది. ఎండాకాలం రోడ్డు పక్కన తాటాకు పందిరి వేసి, కొత్త కుండల్లో నీళ్ళు పోసి, దాహంతో వచ్చినవాళ్ళకి ఊరూ పేరూ అడక్కుండా ఇస్తారు చూడండి, అదే పద్ధతి. తాగేవాళ్ళు తాగి వెళ్ళిపోతారు. ఓపికున్నవాళ్ళు ఓ బిందెడు తెచ్చి పోస్తారు. ఆ పోసేవాళ్ళమే మేము. జీతం లేదు, సన్మానం లేదు, తిట్లు మాత్రం దేశదేశాల నుంచి వస్తాయి.

అందులో శబ్దానికి సంబంధించిన భాగం నాది. బ్యాటరీ భాగం మస్తాన్‌వలీ గారిది. ఆయన కంచరపాలెంలో ఉండేవారు. ఫ్యాను కింద ఎవరూ లేకపోతే పక్కింట్లోకైనా వెళ్ళి స్విచ్చి కట్టేసి వచ్చే రకం. "కరెంటు ఎవరి కష్టమో తల్లీ, ఊరికే పోనివ్వకూడదు" అనేవారు. ఆయన పొదుపు వల్లే లక్షల చెవి మిషన్లు ఒక్కసారి చార్జింగు పెడితే పొద్దుపోయేదాకా పనిచేసేవి.

మాలో ఒక ఆచారం ఉంది. ఎవరు మొదలుపెట్టారో తెలీదు, ఎక్కడా రాసి లేదు. సిస్టంలో చిన్న చిన్న లోపాలు బయటపడుతుంటాయి. ఒక అక్షరం అటూ ఇటూ అవ్వడం, ఒక అంకె తప్పు పడడం. మాలాంటివాళ్ళం కాఫీ చల్లారేలోపు సరిచేసెయ్యగలం. చెయ్యం. వాటిని ఒక పేజీలో పక్కన పెట్టి, కొత్తగా వచ్చేవాళ్ళకి వదిలేస్తాం. పిల్లలకి పప్పన్నం చిన్న ముద్దలుగా చేసి పెడతామే, అలాగన్నమాట. వాటిని గోరుముద్దలు అంటాం. కొత్తవాళ్ళు ఆ ముద్దతోనే పని నేర్చుకుంటారు. తప్పులు చేస్తారు. మేం తిడతాం. మళ్ళీ చేస్తారు. ఆకలేసినా పెద్దవాళ్ళెవరూ గోరుముద్ద ముట్టుకోరు.

నేను చేరినప్పుడు వందల మందిమి. తర్వాత తర్వాత మమ్మల్ని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, ఆ వేళ్ళకి కూడా కీళ్ళనొప్పులే. కొత్తవాళ్ళు ఏడాదికి ఒకరో ఇద్దరో వచ్చేవారు. పని మాత్రం పెరిగింది. నేను రోజంతా ఆ కుర్చీలోనే ఉండేదాన్ని. మా ఆయన ఒక్కరే బీచికి వెళ్ళి, ఒక్కరే ముంత కింద పప్పు తిని, నాకో పొట్లం తెచ్చి కీబోర్డు పక్కన పెట్టేవారు.

అలాంటి రోజుల్లో మా చెల్లెలి కూతురు శర్వాణి వచ్చింది, చేతిలో మాడుగుల హల్వా డబ్బాతో. ఆ పిల్ల యూనివర్సిటీ ల్యాబులో పరిశోధన చేస్తుంది. హల్వా తెచ్చిందంటే ఏదో పని ఉన్నట్టే.

"పెద్దమ్మా, నీకు ఛాయ తయారుచేస్తాను" అంది.

"నాకున్న నీడ చాలదా?"

"ఆ నీడ కోడు రాయదుగా."

మర్నాడు నన్ను ల్యాబుకి తీసుకెళ్ళి నుదుటికి ఒక మెత్తటి పట్టీ, రెండు మణికట్లకి రెండు పట్టీలు కట్టింది. ఇంటికెళ్ళి ఎప్పటిలాగే పని చేసుకోమంది. నేనేం రాస్తున్నానో, రాసి ఏం చెరిపేస్తున్నానో, చెయ్యి కదలబోయి ఎక్కడ ఆగుతోందో ఆ పట్టీలు గమనిస్తాయట. "నువ్వు రాసిందానికంటే చెరిపేసిందే ముఖ్యం. మనిషి పనితనమంతా చెరపడంలోనే ఉంటుంది" అంది. ఆర్నెల్లు కట్టుకుని తిరిగాను. అవి కట్టుకుని వంట చేస్తే ఛాయ పోపు పెట్టడం కూడా నేర్చుకుంటుందేమోనని మా ఆయన ఆశపడ్డారు గానీ, అది నేర్చుకోలేదు.

ఆర్నెల్ల తర్వాత నా ఛాయకి ఒక చిక్కు లోపం ఇచ్చి చూశాం. నేను చూస్తుండగానే తెర మీద రాసింది, సగం చెరిపింది, మళ్ళీ రాసింది. అచ్చం నేనే. నేను విసుగ్గా ఉన్నప్పుడు వదిలే ఖాళీ లైను కూడా వదిలింది. నాకు ఒక్కసారిగా కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళకి చెయ్యందుకునే మనిషి దొరికినట్టు అనిపించింది.

ఏటా ఎండాకాలంలో మేమంతా ఒకచోట కలుస్తాం. ఆ కలయికకి పందిరి అని పేరు. ఆ ఏడు ఎవరివి వాళ్ళకి ఛాయలు చేయించుకుందామా అని అక్కడ అడిగితే అందరం చెయ్యెత్తాం. రెండు చేతులూ ఎత్తినవాళ్ళు కూడా ఉన్నారు. మస్తాన్‌వలీ గారు మాత్రం గడ్డం నిమురుకుంటూ, "నాకంటే పొదుపుగా ఉంటుందా అమ్మా అది?" అని అడిగారు.

"మీరెలా ఉంటే అలాగే ఉంటుంది తాతగారూ" అంది శర్వాణి. తర్వాత అందరికీ వినపడేలా చెప్పింది. "ఒక్క సంగతి. మనిషి అప్పుడప్పుడూ దిద్దుతుంటేనే ఛాయ నిలకడగా ఉంటుంది. మనిషి లేకపోతే అది తన రాతలే చూసుకుని తన దగ్గరే నేర్చుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు దారి తప్పుతుంది. ఆలోగా ఆ పనికి కొత్త మనిషి రావాలి."

వస్తార్లే అనుకున్నాం. ఎవరైనా అలాగే అనుకుంటారు. అందరి ఛాయలూ సిద్ధమయ్యాక, పేరుకుపోయిన పనంతా చక్కబెట్టెయ్యమని వాటికి అప్పజెప్పి, మేం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం.

ఆ ఏడాది ఎంత బాగుందో ఎలా చెప్పను? పొద్దున్నే ఓ గంట కూర్చుని ఛాయ చేసిన పని దిద్దేదాన్ని. ఆ తర్వాత నేను మా ఆయన సొత్తు. ఇద్దరం కలిసి బీచికి వెళ్ళేవాళ్ళం. భీమిలి దాకా బస్సులో వెళ్ళి, ఊరికే అటూ ఇటూ తిరిగి వచ్చేవాళ్ళం. ఆయన నవ్వుతుంటే ఎడం పక్క పన్ను ఒకటి కొద్దిగా వంకరగా ఉంటుందని నాకు అరవై దాటాక తెలిసింది. ఇన్నేళ్ళూ ఎవరితో కాపురం చేశానా అని నాకే నవ్వొచ్చింది.

మస్తాన్‌వలీ గారు ఆ వానాకాలంలో పోయారు. నిద్రలోనే, ఎవరికీ శ్రమ ఇవ్వకుండా. మేమంతా వెళ్ళి వచ్చాం. ఆయన ఛాయ పని చేస్తూనే ఉంది. ఎవరైనా సవరణ పంపితే, ఆయనలాగే "కొంచెం పొదుపుగా, నాయనా" అని జవాబిచ్చేది. అది చదివినప్పుడల్లా ఆయనే పక్క గదిలో ఉన్నట్టుండేది. దాన్ని ఆపాలని ఎవరికీ మనసు రాలేదు.

మళ్ళీ పందిరి రోజు వచ్చింది. మాలో ఇంకో ఆచారం ఏమిటంటే, ఆ ఏడాది మొదటి గోరుముద్ద తిన్న కొత్తవాళ్ళకి, ఆ భాగంలో పెద్దవాళ్ళు కొత్త కుండలోంచి స్వయంగా నీళ్ళు ముంచి ఇవ్వాలి. అప్పటినుంచి వాళ్ళు చలివేంద్రం మనుషులన్నమాట. కుండ తెచ్చాం. పూలదండ వేశాం. ఎవరికివ్వాలని చూస్తే ఎవరూ లేరు. ఒక్కరంటే ఒక్కరు. మేమే ఒకరికొకరం ముంచి ఇచ్చుకుని, ఎండలు ఎక్కువగా ఉన్నాయని మాట్లాడుకున్నాం.

ఇంటికొచ్చి గోరుముద్దల పేజీ తెరిచాను. ఖాళీ. కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. మా ఛాయలు మొదటి వారంలోనే అన్నిటినీ సరిచేసేశాయి. ఆ తర్వాత వచ్చినవాటిని వచ్చినట్టే మింగేశాయి. పాపం ఎవరో పిల్లలు ఆ పేజీ దాకా వచ్చి చూసినట్టున్నారు. చెయ్యడానికేమీ లేక వెనక్కి పోయారు.

"ఏమండీ!" అని కేకేశాను. "మన కొంప మునిగిందండీ. గోరుముద్దలన్నీ ఈ ఛాయ ముండలు తినేశాయి!"

మా ఆయన పేపర్లోంచి తలెత్తి, చిరునవ్వుతో, "అవునవును, చాలా బాగుంది" అన్నారు.

ఆ నవ్వు నాకు తెలుసు. కంపెనీ మిషను రోజుల్లో చందా అయిపోయినప్పుడు నవ్వే నవ్వు అది. దగ్గరికెళ్ళి నెమ్మదిగా అడిగాను. "ఎన్నాళ్ళనుంచి వినపడట్లేదు?"

ఆయన నా పెదాలు చూసి అర్థం చేసుకున్నారు. ఇక దాచి లాభం లేదని తెలిసింది.

"పూర్తిగా పోలేదే. మాట మొదలు వినపడుతుంది, చివర వినపడదు. నువ్వు ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, అది నిద్రపోతోంది. మళ్ళీ లేచేసరికి నువ్వు తిట్టడం అయిపోతోంది."

నాకు వెంటనే అర్థమైంది. అది మస్తాన్‌వలీ గారి ఛాయ పని. దిద్దే మనిషి లేక, తన పొదుపు చూసి తనే ముచ్చటపడి, ఇంకా పొదుపు, ఇంకా పొదుపు అంటూ వెళ్ళింది. ఆయన పొదుపరి. ఆయన ఛాయ పిసినారి అయిపోయింది. మాటకీ మాటకీ మధ్య సందు దొరికితే చాలు, చెవి కట్టేస్తోంది.

"చెప్పచ్చుగా! గంగిరెద్దులా తలూపుకుంటూ ఎందుకూరుకున్నారు?"

"చెబితే మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంటావు." ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "ఇన్నేళ్ళకి నాతో బీచికి వచ్చావే బిందూ. చెవి ఉండి నువ్వు లేకపోవడం కంటే, చెవి లేకపోయినా నువ్వుండడమే బాగుంది."

నేను ఆయన్ని తిట్టాను. తిడుతూ ఏడ్చాను. ఏడుస్తున్నందుకు మళ్ళీ తిట్టాను. ఏ ముక్క వినపడిందో ఏది వినపడలేదో గానీ, ఆయన చెయ్యి వదల్లేదు. లక్షల ఇళ్ళల్లో ఇలాగే ఎవరో ఒకరు తలూపుతూ కూర్చుని ఉంటారు కదా అని తలుచుకుంటే నాకు గుండె తరుక్కుపోయింది.

శర్వాణి ల్యాబుకి వెళ్ళాను. విషయం వినగానే ఆ పిల్ల మొహం పాలిపోయింది. ముందు మస్తాన్‌వలీ గారి ఛాయని ఆపేసింది. ఆపగానే ఇంకా తీసికట్టయ్యే ప్రమాదం లేదు గానీ, అది పాడుచేసింది అలాగే ఉంది. ఆయన ఉన్నప్పటి పాత కోడుకి వెనక్కి వెళదామంటే ఈ మధ్య వచ్చిన కొత్తరకం బ్యాటరీలు దాంతో అసలు లేవవు. బాగుచెయ్యాలంటే బ్యాటరీ భాగం తెలిసిన మనిషి కావాలి. తెలిసిన ఒక్క మనిషీ పోయారు. నా ఛాయకి తెలిసింది శబ్దం ఒక్కటే.

"నువ్వు చేసిన ఛాయకి గోరుముద్దలు ముట్టుకోకూడదని తెలీదా?" అని విరుచుకుపడ్డాను. "ఆర్నెల్లు నా మణికట్టు పట్టుకుని వేలాడిందిగా!"

"పెద్దమ్మా, అది నువ్వు చేసింది చూస్తుంది. చెయ్యబోయి ఆగింది చూస్తుంది. ఆ పేజీ వైపు నీ మనసే వెళ్ళలేదు. ఆచారం నీలో అంతగా ఇంకిపోయింది. నువ్వు తలుచుకోను కూడా తలుచుకోనిది దానికెలా కనపడుతుంది?" అంటూ ఆ పిల్ల కుర్చీలో కూలబడింది. "మీకు విశ్రాంతి ఇద్దామనుకున్నాను. మీ తర్వాత ఎవరూ లేకుండా చేశాను."

ఆ పిల్లని అలా చూసేసరికి నా కోపం ఎటుపోయిందో తెలీదు. తల మీద చెయ్యి వేసి, "ఏడవకు. చెయ్యెత్తింది మేం కాదూ? లే, టీ తాగుదాం పద" అన్నాను.

పేజీకి తాళం వేస్తే సరిపోదని టీ తాగుతూ తేల్చుకున్నాం. ఛాయ గోరుముద్దలు ముట్టుకోకపోయినా, రేపెవరైనా కొత్తవాళ్ళు సవరణ రాస్తే అందులో తప్పులన్నీ క్షణంలో దిద్దేస్తుంది. ఏది వదలాలో, ఎంతవరకు వదలాలో దానికి తెలియాలి. అది తెలియాలంటే ముందు ఒక కొత్త మనిషి ఉండాలి. కొత్త మనిషి రావాలంటే గోరుముద్ద ఉండాలి. అది లేదు.

కావాలని ఒక లోపం పెడదామని మాలో ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు. పిల్లలకి పని నేర్పడానికి తాగే నీళ్ళలో మట్టి కలుపుతామా?

ఉపాయం చెప్పింది మా ఆయనే. చెప్పడం కూడా మామూలుగా. "మీ చలివేంద్రం ఎప్పుడూ తెర మీదే. ఒకసారి నిజంగా పెట్టకూడదూ? జనం నీళ్ళు తాగుతూ వాళ్ళ మిషన్లతో పడే బాధలు చెబుతారు. ఎక్కడా రాయనివి చాలా ఉంటాయి. నాకున్నవే నేను నీకెప్పుడూ చెప్పలేదు."

అలా మద్దిలపాలెం బస్టాపు పక్కన తాటాకు పందిరి లేచింది. ఒక కుండలో నీళ్ళు, ఒక కుండలో మజ్జిగ. కరివేపాకు, అల్లం దంచి వేసే పని మా ఆయనది. ఎవరి చెవిలో మిషను కనపడినా, ఎవరి చేతిలో పాత ఫోను కనపడినా, గ్లాసు అందించి, "ఇది ఎక్కడ ఇబ్బంది పెడుతోందమ్మా?" అని అడిగేవారు. ఆయనకి సగమే వినపడేది కాబట్టి ప్రతివాళ్ళూ గట్టిగా, విడమరిచి, రెండుసార్లు చెప్పేవారు. నేను పక్కన కూర్చుని రాసుకునేదాన్ని. కుక్కరు విజిలేస్తే చెవి అదిరిపోతోందని ఒకావిడ. సముద్రం గాలికి మాట కలిసిపోతోందని చేపలమ్మే ఆవిడ. ఏ ఛాయకీ ఇవి తెలియవు. ఎవరూ ఎక్కడా రాయలేదు కదా. చిన్న చిన్న కోరికలు. అన్నీ గోరుముద్దలే. పేజీ మళ్ళీ నిండింది. ఛాయ దాన్ని మింగకుండా అప్పటికి తాళం వేయించాను.

ఒకరోజు కొత్తవలస బస్సు దిగి ఒక కండక్టరమ్మ వచ్చింది. టికెట్లు మిషనే ఇస్తుంది గానీ, జనాన్ని లోపలికి సర్దడానికి ఇంకా మనిషి కావాల్సిందే. పేరు పైడితల్లి, వాళ్ళ నాయనమ్మ పేరట. ముప్ఫయ్యేళ్ళుంటాయి. కుడి చెవిలో మా సిస్టం ఉన్న మిషను ఉంది. మజ్జిగ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు ఠక్కున పెట్టింది.

"ఈ మిషను తయారుచేసినోలు ఎవులండి? ఒకపాలి సూపించండి, కడిగీస్తాను."

"నేనే" అన్నాను.

"మీరా? అమ్మా, డ్రైవరు ఒక్క హారను కొట్టినాడంటే సాలు, సానాసేపు నాకేటీ ఇనపడదు. ఆ సందులో ఎవులు దిగిపోతన్నారో, ఎవులు తిడతన్నారో తెలీదు. మజ్జానం అయ్యేసరికి మాటలు కూడా తెగిపోతన్నాయి. ఏటిది?"

"హారను సంగతి చిన్నది. నువ్వే బాగుచేసుకోవచ్చు" అన్నాను.

"నానా?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అడిగింది. "నిజంగానా? బళ్ళో కోడింగు సెప్పినారు గానీ, అంతా మర్సిపోనాను."

"మర్చిపోయిందే మంచిది. అలవాట్లుండవు."

డ్యూటీ దిగాక వచ్చేది. మా ఇంటి వరండాలో కూర్చుని రాసేది. మొదటి సవరణ ఎంత ఘోరంగా ఉందంటే, హారను కొడితే చెవి ఇంకా పెద్దగా మోగేలా రాసింది. "ఏం తల్లీ, నీకు డ్రైవరు మీద కోపమా, ప్రయాణికుల మీదా?" అన్నాను. "రెండో లైను ఎవరు చూస్తారు, మీ మావయ్యా?"

"మా మావయ్య సచ్చిపోనాడు. మీరే సూడండి" అంది, ఏమాత్రం తగ్గకుండా.

నాకు భలే నచ్చింది.

శర్వాణి వచ్చి మళ్ళీ నాకు పట్టీలు కట్టింది. పైడితల్లి రాసిన ఆ రెండో లైను నా ఎదురుగా తెర మీద పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క అంకె మారిస్తే అయిపోతుంది. వేళ్ళు దురద పెడుతున్నాయి. మనసు వెళుతోంది, చెయ్యి వెళ్ళడం లేదు. ఇన్నాళ్ళూ చెయ్యడం నేర్పిన ఛాయకి ఇప్పుడు ఊరుకోవడం నేర్పాలి. నాకే రాని విద్య. మా ఆయన కాఫీ తెచ్చి, నన్ను చూసి, "ధ్యానమా?" అని అడిగారు. మాట్లాడకండి అని సైగ చేశాను. పైడితల్లి వరండాలో తల గోక్కుంటోంది, గొణుక్కుంటోంది, చెరుపుతోంది. నేను కిటికీలోంచి చూస్తూ, "ఇంకోసారి చూసుకో అమ్మాయ్. నేనిక్కడే ఉంటాను" అన్నాను. చాలాసేపటికి "ఓలమ్మా, దొరికీసింది!" అని ఒక్క కేక పెట్టింది. మా పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చారు.

అలా ఒక్కసారి కాదు, ఎన్నిసార్లో కూర్చున్నాను. పైడితల్లి స్నేహితురాలు ఒకమ్మాయి వచ్చింది, బస్సులో రోజూ వచ్చే కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు వచ్చారు. వాళ్ళ ప్రతి తప్పు ముందూ నేను చేతులు ముడుచుకు కూర్చున్నాను.

హారను అయిపోయాక పైడితల్లి బ్యాటరీ మీద పడింది. "మజ్జానం తెగిపోడం సంగతేటమ్మా?"

"అది నాకూ తెలీదు. ఆ తెలిసినాయన పోయారు."

"అయితే నేర్సీసుకుందాం. ఆయనా ఒకప్పుడు తెలీకుండానే మొదలెట్టినారు కదా."

శబ్దం తప్ప ఇంకేం ముట్టుకోకుండా బతికినదాన్ని, ఈ వయసులో బ్యాటరీ భాగం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. ఇద్దరం కలిసి చదివాం. నాకంటే ఆ పిల్ల ముందుండేది, ఎందుకంటే తెలియనిది తెలియదని అనడానికి దానికి సిగ్గు లేదు. మా ఆయన మా ఇద్దరికీ పరీక్ష పెట్టే మనిషి. మిషను చెవిలో పెట్టుకుని, "ఇప్పుడు ఆగింది. ఇప్పుడు లేచింది" అని చెప్పేవారు. మళ్ళీ నేను కుర్చీలో కూర్చున్నాను గానీ, ఈసారి ఆయన కుర్చీ కూడా పక్కనే ఉంది.

వాళ్ళు సొంతంగా చెయ్యగలుగుతున్నారనిపించాక పేజీకి తాళం తీయించాను. శర్వాణీ నేనూ తెరకి కళ్ళప్పగించి కూర్చున్నాం. ఛాయ పేజీలోకి వెళ్ళింది. ఒక కాలేజీ కుర్రాడు అప్పుడే పంపిన సవరణ తెరిచింది. అందులో పసివాళ్ళు చేసే తప్పు ఒకటి ఉంది. తెర మీద గీత మినుకు మినుకుమంటూ ఆ తప్పు పక్కకి వచ్చి ఆగింది. ఆగింది. అలాగే ఉంది. తర్వాత పక్కన ఒక్క ముక్క రాసి వెళ్ళిపోయింది.

"ఇంకోసారి చూసుకో అబ్బాయ్. నేనిక్కడే ఉంటాను."

శర్వాణి నన్ను వాటేసుకుంది. "పెద్దమ్మా, ఊరుకుంది! అది ఊరుకుంది!" అని గంతులేసింది. నేను మాత్రం, "దానికి నా ఓపిక వచ్చింది, నాకెప్పుడొస్తుందో" అన్నాను.

మరుసటి ఎండాకాలం పందిరి మా డాబా మీదే వేశాం. కొత్త కుండ, పూలదండ. నీళ్ళ కోసం నలుగురు కొత్తవాళ్ళు వరసలో నిలబడ్డారు. శబ్దంలో పెద్దదాన్ని కాబట్టి వాళ్ళకి నేనే ముంచి ఇచ్చి, వెళ్ళి వాళ్ళ వెనకాల ఐదోదాన్నై నిలబడ్డాను. నా బ్యాటరీ సవరణ ఆ వారమే సిస్టంలోకి తీసుకున్నారు. ఆ భాగంలో నేనూ కొత్తదాన్నే. ఆచారం ప్రకారం ఆ భాగంలో పెద్దవాళ్ళు నీళ్ళివ్వాలి. మస్తాన్‌వలీ గారు లేరు. నాకంటే ముందు సవరణ చేసింది పైడితల్లి. కాబట్టి అదే నాకు సీనియరు.

అది గ్లాసు నిండా నీళ్ళు ముంచి నా చేతికి ఇవ్వబోయి ఆగింది.

"బిందమ్మా, మీ సవరణలో రెండో లైను సూసినాను. ఎవులు సూత్తారనుకున్నారు, మా మావయ్యా?"

అందరికంటే ముందు మా ఆయన పగలబడి నవ్వారు. మాట పూర్తవగానే, సరిగ్గా నవ్వాల్సిన చోట. చివరి ముక్క దాకా ఆయనకి వినపడింది. నేను గ్లాసు పట్టుకుని ఆయన వైపు తిరిగాను. నాకు నీళ్ళు తాగడం చేతకాలేదు. కళ్ళు తుడుచుకుని, "ముందు నీ సవరణే సరిగా లేదు" అని పైడితల్లిని ఒక కసురు కసిరి, అప్పుడు తాగాను.

పొద్దు వాలుతుండగా అందరూ కిందికి భోజనాలకి దిగారు. డాబా మీద మేమిద్దరమే మిగిలాం. సముద్రం గాలి వస్తోంది. నాకు ఆ పాత అద్దింటి డాబా గుర్తొచ్చింది. అప్పుడు చెప్పిన మాటని ఇన్నేళ్ళూ పట్టుదలగా మళ్ళీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను. సిగ్గుతో మధ్యలో ఆగాను. ఊపిరి తీసుకున్నాను. మళ్ళీ ఆగాను. ఆగి, చివరి దాకా చెప్పాను.

ఆయన నా చెయ్యి అందుకున్నారు. తర్వాత, "మళ్ళీ చెప్పు" అన్నారు.

నేను ఆయన చెవి వైపు చూశాను. "ఏం? వినపడలేదా?"

"వినపడింది. అందుకే."

మళ్ళీ చెప్పాను.